సముద్రంలో దిగిన రోజుకు మరునాడు ఉండాలి

హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ నుండి పన్నెండు మంది బృందం రెండు వారాల పని మీద సిడ్నీ వెళుతున్నదనుకోండి. ప్రయాణపు కార్యక్రమ పట్టిక నిండా సమావేశాలు, శిక్షణలు, విందులు ఉంటాయి. చిట్టచివరి వరుసలో మాత్రం ఇలా ఉంటుంది: ‘శనివారం ఉదయం 9 గంటలకు సర్ఫింగ్, సాయంత్రం విమానం.’ ఆ వరుసను చూసి బృందమంతా సంబరపడుతుంది. ఇంటిలోని పెద్దలు కూడ ‘పోనీలే, పిల్లలు కష్టపడ్డారు, ఒక్క రోజు ఆడుకుంటారు’ అని సంతోషిస్తారు.

నా అభ్యంతరం సరిగా ఆ వరుస మీదనే. విదేశాలలో ఉద్యోగ పర్యటన ముగించుకొని తిరుగు ప్రయాణమయ్యే రోజున, ఈత రానివారితో సహా బృందమంతటినీ తొలిసారిగా సముద్రపు అలలలోకి దింపడం వైద్యపరంగా తప్పు. పని చేయించిన సంస్థ ఏర్పాటు చేసినప్పుడు అది నైతికంగా కూడ తప్పు. ఈ ఆచారాన్ని బహుమతిగా భావించడం మానుకోవాలని నా వాదన. కారణాలు చెబుతాను. విని, ఆలోచించి, మీ ఇంట ఇటువంటి ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు ఉంటే వారితో మాట్లాడండి.

క్రీడ మీద నాకు కోపం లేదు

అలల మీద పలకపై నిలబడి స్వారీ చేసే ఈ క్రీడ పసిఫిక్ మహాసముద్ర ద్వీపాల ప్రజలకు శతాబ్దాల నాటిది. హవాయికి చెందిన ఒలింపిక్ ఈతగాడు డ్యూక్ కహానమోకు 1914-15 వేసవిలో సిడ్నీ సమీపంలోని ఫ్రెష్‌వాటర్ తీరంలో దీనిని ప్రదర్శించి, ఆస్ట్రేలియా ప్రజలలో గొప్ప ఆసక్తిని రేకెత్తించాడు. టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఇది తొలిసారిగా చోటు సంపాదించుకొన్నది. మన దేశంలో చెన్నై దగ్గరి కోవళంలోను, కర్ణాటకలోని మూల్కిలోను దీనిని శ్రద్ధగా నేర్పేవారు ఉన్నారు.

రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చొని, మెడ వంచి తెరను చూసే యువతీయువకులకు ఇంతకంటె మంచి వ్యాయామం అరుదు. భుజాలకు, నడుముకు, కాళ్ళకు, శరీర సమతుల్యానికి ఇది మేలు చేస్తుంది. మనసుకు కలిగే తెరిపి సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి ‘ఆఫీసు డబ్బుతో వెళ్ళి నీళ్ళలో ఆటలా?’ అని గద్దించే పెద్దల పక్షాన నేను లేను. ఆడుకోవలసిందే. ఏ రోజున, ఏ స్థితిలో, ఎవరి బాధ్యత మీద అన్నదే ప్రశ్న.

చివరి రోజున ఆ శరీరం ఎలా ఉంటుంది?

వైద్యుడు మొదట చూడవలసినది మనిషిని. చివరి రోజున మీ అమ్మాయి లేక అబ్బాయి శరీరం ఏ స్థితిలో ఉంటుందో చూద్దాం.

భారతదేశానికీ సిడ్నీకీ కాలవ్యత్యాసం ఋతువును బట్టి నాలుగున్నర లేక ఐదున్నర గంటలు. రెండు వారాలలో శరీరపు గడియారం కొత్త వేళలకు చాలవరకు అలవాటు పడుతుంది. కావున చివరి రోజున బాధించేది కాలవ్యత్యాసం కాదు, పేరుకుపోయిన నిద్రలేమి. పగలంతా సిడ్నీ కార్యాలయంతో పని, రాత్రి హైదరాబాదుతో ఫోను సమావేశం. ఇక్కడ సాయంత్రం ఆరు గంటలకు పెట్టిన సమావేశానికి అక్కడ వేసవిలో రాత్రి పదకొండున్నర అవుతుంది. అలా పది రాత్రులు గడచిన తరువాత శుక్రవారం నాడు వీడ్కోలు విందు. విందులో మద్యం ఉంటుంది. పడుకొనేసరికి ఒంటిగంట. తెల్లవారి సామాను సర్ది, హోటల్ గది ఖాళీ చేసి, చాలీచాలని అల్పాహారంతో, ఒంటిలో నీరు తగ్గిన స్థితిలో తొమ్మిది గంటలకు సముద్రం ఒడ్డున నిలబడతారు.

నిద్రలేమి వలన చురుకుదనం తగ్గుతుంది. అపాయాన్ని తూచే వివేకం మందగిస్తుంది. రాత్రి త్రాగిన మద్యం ప్రభావం తెల్లవారగానే పూర్తిగా పోదు. శరీర సమతుల్యాన్ని, నిర్ణయశక్తిని అది మరునాటి ఉదయం వరకు కూడ దెబ్బతీయగలదు. ఇటువంటి స్థితిలో ఉన్న మనిషిని కారు నడపవద్దంటాం. తొలిసారిగా మహాసముద్రంలోకి దిగమని మాత్రం చప్పట్లు కొట్టి పంపుతున్నాం!

సముద్రం ఈతకొలను కాదు

మన యువతలో చాలామందికి ఈత రాదు. వచ్చినవారిలో చాలామందికి వచ్చినది నాలుగు గోడల మధ్య, ఐదడుగుల లోతు నీటిలో, అంచు చేతికి అందే దూరంలో. సముద్రపు అలలకు అంచు ఉండదు.

తీరానికి వచ్చిన అలల నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి దారి వెదుక్కుంటుంది. ఇసుక దిబ్బల మధ్య లోతైన చోట ఆ నీరంతా సన్నని ప్రవాహంగా కూడి లోపలికి పరుగెడుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. సాధారణంగా దాని వేగం సెకనుకు అర మీటరు ప్రాంతంలో ఉంటుంది. ఒక్కొక్కసారి రెండు మీటర్లు దాటుతుంది. అప్పుడు ఒలింపిక్ ఈతగాడు కూడ దానికి ఎదురీది ఒడ్డుకు రాలేడు. విచిత్రమేమంటే, ఒడ్డున నిలబడి చూసేవారికి ఆ చోటే ప్రశాంతంగా కనబడుతుంది. ఇరువైపుల తెల్లని నురుగుతో అలలు విరుగుతుంటాయి, నడుమ నీరు కొంచెం నల్లగా, నిమ్మళంగా ఉంటుంది. తెలియనివాడు ఏరికోరి అక్కడే దిగుతాడు.

ఆస్ట్రేలియాలో రిప్ ప్రవాహాల వలన ఏటా సగటున 21 మంది మరణిస్తున్నట్లు 2013లో అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. ఆ దేశంలో తుపానుల వలన, వరదల వలన, కార్చిచ్చుల వలన, సొరచేపల వలన మరణించే వారి సగటు సంఖ్యలు, విడివిడిగా చూస్తే, అన్నీ దానికంటె తక్కువే. సొరచేప అనగానే ఒళ్ళు జలదరించే మనం రిప్ అనే మాటనే వినలేదు. సిడ్నీలోని సుప్రసిద్ధమైన బాండై తీరపు దక్షిణ భాగంలో తరచుగా ఏర్పడే ఒక ప్రవాహానికి ‘బ్యాక్‌ప్యాకర్స్ రిప్’ అనే పేరు స్థిరపడిపోయింది. సంచీ భుజాన వేసుకొని వచ్చే పరదేశ యాత్రికులే అందులో చిక్కుకొనడం వలన వచ్చిన పేరది. 2024 జనవరిలో విక్టోరియా రాష్ట్రంలోని ఫిలిప్ ద్వీపంలో, రక్షకులు కాపలా లేని తీరంలో, భారతీయ మూలాలు గల నలుగురు ఒకే ఘటనలో ప్రాణాలు కోల్పోయారు. వారు సర్ఫింగుకు వెళ్ళినవారు కారు. కాని సముద్రానికి ఆ భేదం తెలియదు.

‘ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్యనే స్నానం చేయండి’ అని ఆస్ట్రేలియాలో ప్రతి యాత్రికునికీ చెబుతారు. మంచి మాట. అయితే ఆ జెండాల మధ్య స్థలం ఈతగాళ్ళది. సర్ఫింగ్ బోర్డులు వారికి తగలకుండ ఆ హద్దులకు వెలుపల ఉండాలని అక్కడి నిబంధన. అనగా మనం అందరికీ చెప్పే మొదటి జాగ్రత్త, బోర్డు పట్టుకొన్నవారికి వర్తించదు. వారికి ఉండే రక్ష శిక్షకుని కన్ను, నడుము లోతు దాటని నీరు, కాలికి కట్టిన త్రాడు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా కొత్తవారు నీటిలో ఉండకూడదు.

పొరపాటున ప్రవాహంలో చిక్కుకొంటే చేయవలసినది గుర్తుంచుకోండి. బోర్డును వదలకండి, అది తేలుతుంది. ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకండి. మునిగిపోయిన వారిలో చాలామందిని ముందుగా ఓడించినది అలసటే. తేలుతూ చేయి పైకెత్తి సహాయం కోరండి. ఈత బాగా వచ్చినవారు తీరానికి సమాంతరంగా, అలలు విరిగే నురుగు వైపు కదలవచ్చు.

వెన్నుపూసలోని గొడవ

ఈ విషయం చాలామంది యువకులకు తెలియదు. కొత్తగా సర్ఫింగ్ నేర్చుకొనే వారికి అరుదుగా కలిగే వెన్నుపాము వ్యాధి ఒకటి ఉన్నది. 2004లో హవాయి వైద్యులు తొమ్మిదిమంది రోగుల అనుభవంతో దీనిని వర్ణించి, ‘సర్ఫర్స్ మైలోపతీ’ అని పేరు పెట్టారు. వెన్నుకు దెబ్బ తగలదు, ఎముక విరగదు. బోర్డుపై బోర్లా పడుకొని, తల, ఛాతీ పైకెత్తి, నడుమును వెనుకకు వంచి చాలాసేపు ఉండడం వలన వెన్నుపాముకు రక్తప్రసరణ తగ్గి, అది దెబ్బతింటుందని భావిస్తున్నారు. ముందుగా నడుములో నొప్పి మొదలవుతుంది. ఆ తరువాత కొద్ది సమయంలోనే కాళ్ళలో తిమ్మిరి, బలహీనత కలుగుతాయి, మూత్రం బంధిస్తుంది. కొందరు కోలుకొంటారు, కొందరికి కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడతాయి.

ఎక్కువగా దీని పాలబడేవారు ఆరోగ్యంగా ఉన్న, సన్నని శరీరం గల, తొలి పాఠానికి వచ్చిన యువకులు. ఒంటిలో నీరు తగ్గడం కూడ దోహదం చేయవచ్చునని వైద్యుల ఊహ. ఇది చాలా అరుదైన వ్యాధి. భయపెట్టడానికి చెప్పడం లేదు. పాఠం మధ్యలో నడుము నొప్పి గాని, కాళ్ళలో తిమ్మిరి గాని కలిగితే ‘ఇంకొక్క అల’ అనకుండ బోర్డు దిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని చెబుతున్నాను. సాయంత్రం విమానం ఉన్నవాడు ఆ పని చేస్తాడా? ‘కండరం పట్టింది, ఇంటికి వెళ్ళి చూపించుకుందాం’ అని మాత్ర మింగి విమానాశ్రయానికి బయలుదేరుతాడు. వ్యాధి కంటె ఆ నిర్ణయం ప్రమాదకరం.

మరునాడు ఎందుకు కావాలి?

నా వాదనకు ఇదే ఆయువుపట్టు. శరీరానికి నీటిలో కలిగే హాని చాలాసార్లు నీటిలోనే బయటపడదు. కొన్ని గంటల తరువాత బయటపడుతుంది.

ఉప్పునీరు ఊపిరితిత్తులలోకి పోయిన మనిషి, ఒడ్డుకు రాగానే దగ్గి, నవ్వి, ‘నాకేమీ కాలేదు’ అంటాడు. చాలామందికి నిజంగానే ఏమీ కాదు. కొందరికి మాత్రం లోపలికి పోయిన నీటి వలన గాలి గదులు వాచి, కొన్ని గంటలలో ఆయాసం, దగ్గు, ఛాతీలో బరువు పెరుగుతాయి. అందువలన, నీట మునిగి తేలిన మనిషిని, దగ్గు, ఆయాసం ఉన్న మనిషిని వైద్యునికి చూపి, కనీసం ఆరు నుండి ఎనిమిది గంటల పాటు గమనిస్తూ ఉండాలి. ఉదయం పదకొండుకు మునిగి తేలిన యువకుడు సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడ ఉంటాడు? ఆకాశంలో. విమానం లోపలి గాలి పీడనం ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీది గాలితో సమానం. అక్కడ ఆరోగ్యవంతునికే ప్రాణవాయువు కొంత తక్కువగా అందుతుంది. దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అది తగిన చోటు కాదు.

తలకు తగిలిన దెబ్బ సంగతి కూడ అంతే. సర్ఫింగులో కొత్తవారిని ఎక్కువగా గాయపరచేది వారి బోర్డే. అల విరిగినప్పుడు బోర్డు ఎగిరి తలకు, మొగానికి తగులుతుంది. కొద్దిసేపు కళ్ళు తిరిగి, తరువాత బాగానే ఉన్నట్లు అనిపించవచ్చు. పుర్రె లోపల నెమ్మదిగా రక్తం కూడుతుంటే తలనొప్పి, వాంతులు, మగత కొన్ని గంటల తరువాత కలుగుతాయి. అందుకే తలకు దెబ్బ తగిలినవారిని ఇరవైనాలుగు గంటలు ఒంటరిగా వదలవద్దని వైద్యులు చెబుతారు. సముద్రం మీదుగా ఎనిమిది గంటలు ఎగిరే విమానంలో నిద్రపోతున్న మనిషి మగతలో ఉన్నాడో, అలసి నిద్రించాడో ఎవరు కనిపెడతారు? కనిపెట్టినా సీటీ స్కాన్ ఎక్కడ ఉంటుంది?

స్కూబా డైవింగ్ చేసినవారిని విమానం ఎక్కడానికి ముందు పన్నెండు నుండి ఇరవైనాలుగు గంటలు ఆగమంటారు. అధిక పీడనంలో రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టకుండ ఉండడానికి ఆ నియమం. సర్ఫింగులో లోతుకు పోరు కావున ఆ భయం లేదు, అది నిజం. దానిని పట్టుకొని ‘డైవింగ్ అయితే చివరి రోజున కుదరదు, సర్ఫింగ్ అయితే కుదురుతుంది’ అని కార్యక్రమాలు తయారుచేస్తున్నారు. నత్రజని లేకపోతే మెదడు, ఊపిరితిత్తులు, వెన్నుపాము కూడ లేనట్లేనా?

సముద్రంలో దిగిన రోజుకు మరునాడు ఉండాలి. ఆ మరునాడు అదే ఊరిలో, ఆసుపత్రి అందే దూరంలో, తోటివారి కళ్ళ ముందు గడవాలి. నేను కోరేది ఇంతే.

‘ఇష్టముంటేనే రండి’ అనే అబద్ధం

ఈ విషయం ఎత్తగానే సంస్థల పెద్దలు చెప్పే మాట ఒకటే: ‘మేము బలవంతపెట్టలేదు. ఇష్టమున్నవారే రావచ్చు.’

పన్నెండు మందిలో పదకొండు మంది వెళుతుంటే పన్నెండవ మనిషికి ఇష్టం ఎంత మిగులుతుంది? జీతం పెంపును, పదోన్నతిని నిర్ణయించే మేనేజరే ముందుగా తడి దుస్తులు వేసుకొని నిలబడితే, ‘నేను రాను’ అనడానికి ఎంత గుండె కావాలి? హోటల్ గది అప్పటికే ఖాళీ చేశారు. సామాను బస్సులో ఉంది. రానివారు ఎక్కడ కూర్చోవాలి? ఒడ్డున ఇసుకలో, అందరి సంచులకూ కాపలాగా.

మానివేయడానికి బలమైన కారణం ఉన్నవారి స్థితి ఇంకా కష్టం. మూర్ఛవ్యాధి ఉండి, మందులతో అదుపులో ఉన్న యువకుడు ప్రతి బృందంలోను కాకపోయినా కొన్ని బృందాలలో ఉంటాడు. నిద్రలేమి, మద్యం మూర్ఛను రేపుతాయి. నీటిలో మూర్ఛ వస్తే మరణమే. ఆ వ్యాధి సంగతి కార్యాలయంలో చెబితే ఏమనుకుంటారోనని అతడు సంవత్సరాలుగా దాచుకొని ఉంటాడు. ఇప్పుడు సముద్రం ఒడ్డున, పదిమంది ముందు, ‘ఎందుకు రావు?’ అనే ప్రశ్నకు అతడు ఏమని జవాబు చెప్పాలి? చెబితే రహస్యం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోవచ్చు. ఉబ్బసం ఉన్నవారు, గుండె లయ తప్పే వ్యాధి ఉన్నవారు, గర్భం దాల్చిన సంగతి ఇంకా ఎవరికీ చెప్పని యువతి, ఋతుస్రావంతో బాధపడుతున్న అమ్మాయి, నీరంటేనే వణికే మనిషి, వీరందరికీ ఆ ప్రశ్న పరీక్షే. వ్యాధిని గోప్యంగా ఉంచుకొనే హక్కు ప్రతి మనిషికీ ఉన్నది. ఆటవిడుపు పేరుతో ఆ హక్కును లాగుకొనడం అన్యాయం.

కావున ఆ శనివారం ఉద్యోగి సొంత సెలవు దినం అనడం చెల్లదు. విమానపు టికెట్టు సంస్థది, పట్టిక సంస్థది, మేనేజర్ సంస్థ మనిషి. అది పని దినమే, దాని బాధ్యత కూడ సంస్థదే. ఉద్యోగ ప్రయాణాలకు తీసుకొనే బీమా పత్రాలలో చాలావాటిలో సాహసక్రీడలకు మినహాయింపులు ఉంటాయి. ఆ పత్రాన్ని బయలుదేరే ముందు చదివేవారు ఎందరు? పరాయి దేశంలో వెన్నుపాము ఎమ్మారై, శస్త్రచికిత్స, అత్యవసర చికిత్సా విభాగంలో నాలుగు రోజులు అంటే ఒక మధ్యతరగతి కుటుంబం ఇల్లు అమ్ముకొనవలసి రావచ్చు.

అభ్యంతరాలకు సమాధానాలు

‘మంచి శిక్షణశాలలలో మెత్తని బోర్డులు ఇస్తారు, నడుము లోతు నీటిలో నేర్పుతారు, ప్రమాదాలు ఎంత తక్కువ!’ అంటారు. నిజమే, తక్కువే. అందువలననే నిషేధించమని నేను అడగడం లేదు. తక్కువ ప్రమాదాన్ని ఎక్కువ చేసే పనులు, అంటే నిద్రలేమి, మద్యం, తొందర, మరునాడు లేకపోవడం, వీటిని తీసివేయమంటున్నాను. వాటిని తీసివేస్తే ఆట తగ్గదు.

‘పని పూర్తయ్యేది చివరి రోజునే కదా, అంతకు ముందు తీరిక ఎక్కడ?’ అంటారు. రెండు వారాల పర్యటనలో నడుమ ఒక శని, ఆదివారాలు వస్తాయి. శనివారం నాడు సముద్రం, ఆదివారం నాడు విశ్రాంతి. నడుమ వారాంతం లేని చిన్న పర్యటన అయితే తిరుగు ప్రయాణాన్ని ఒక్క రోజు వాయిదా వేయండి. అయ్యేది ఒక్క రాత్రి హోటల్ ఖర్చు. వీడ్కోలు విందులో మద్యానికి పెట్టిన డబ్బుతో ఆ ఖర్చులో కొంత భాగం తీరిపోతుంది.

‘ముసలితనపు భయాలు ఇవి, కుర్రవాళ్ళకు ఏమవుతుంది?’ అనేవారూ ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో మూడు లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు సగం మంది పిల్లలు, యువకులే. ముసలివాళ్ళం ఒడ్డున కూర్చొని ఉంటాం, కాబట్టి బ్రతికిపోతాం. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన నాకు, కార్తిక పూర్ణిమ నాడు సముద్రస్నానాలకు వెళ్ళిన కుర్రవాళ్ళను ఆటోలలో తెచ్చి దింపిన దృశ్యాలు తెలుసు. వారిలో ఎవరూ ముసలివారు కారు.

ఏమి చేయాలి?

సంస్థలకు నా విన్నపం: చివరి రోజున, తిరుగు ప్రయాణానికి ముందు ఇరవైనాలుగు గంటలలో, నీటి క్రీడలు పెట్టకండి. దానితో సమానమైన మరొక కార్యక్రమాన్ని ప్రక్కనే ఉంచండి. ఉద్యోగి కారణం చెప్పకుండ రెండింటిలో ఏదైనా ఎంచుకొనగలగాలి. ముందురోజు రాత్రి మద్యం విందు వద్దు. బీమా పత్రంలో సర్ఫింగ్ ఉన్నదో లేదో వ్రాతపూర్వకంగా తెలుపండి. రక్షకులు ఉన్న తీరాన్నే, అర్హత గల శిక్షకులు ఉన్న శిక్షణశాలనే ఎంచుకోండి.

ఉద్యోగులకు: ప్రయాణం ఖాయమైన రోజునే ఈత నేర్చుకొనడం మొదలుపెట్టండి. మీ ఊరి ఈతకొలనులో రెండు నెలలు చాలును, కనీసం భయపడకుండ తేలడం వస్తుంది. పాఠానికి ముందు రాత్రి బాగా నిద్రపోండి, నీరు త్రాగండి. మూర్ఛ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు ముందుగా మీ వైద్యుని సంప్రదించండి. బోర్డు మీద విరామం లేకుండ చాలాసేపు బోర్లా పడుకొనకండి, మధ్యమధ్య లేచి నడుమును సడలించండి. పడేటప్పుడు తలక్రిందులుగా దూకకండి, మెడ విరుగుతుంది. చేతులతో తలను కాపాడుకొంటూ వెల్లగా పడండి. మునిగి తేలినా, తలకు దెబ్బ తగిలినా, కాళ్ళు తిమ్మిరెక్కినా ఆ సాయంత్రం విమానాన్ని వదులుకోండి. టికెట్టును మరల కొనుక్కోవచ్చు.

తోటివారు మునిగితే ఏమి చేయాలో కూడ ఒక మాట. మన వైపు నీట మునిగినవారిని బోర్లా వేసి కడుపు నొక్కడం, తలక్రిందులుగా పట్టి త్రిప్పడం ఇంకా ఆచారంగా ఉన్నది. దాని వలన నీరు, కడుపులోని ఆహారం కలిసి ఊపిరితిత్తులలోకి పోతాయి, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. స్పృహ, శ్వాస లేకపోతే వెల్లకిల పడుకొనబెట్టి, నోటితో శ్వాస అందించడం, ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టాలి. నీట మునిగినవారి గుండె ఆగేది ప్రాణవాయువు అందక కాబట్టి, వారికి ఛాతీ నొక్కుళ్ళతో పాటు శ్వాస ఇవ్వడం అత్యవసరం. ఆస్ట్రేలియాలో అత్యవసర సహాయానికి ఫోను సంఖ్య 000. ఏ దేశం వెళ్ళినా విమానం దిగగానే ఆ దేశపు అత్యవసర సంఖ్యను ఫోనులో వ్రాసిపెట్టుకోండి.

తల్లిదండ్రులకు: ‘సముద్రంలో దిగవద్దు’ అని ఆంక్ష పెట్టకండి. పెడితే చెప్పకుండ దిగుతారు. ‘ఏ రోజున దిగుతున్నావు? మరునాడు ఎక్కడ ఉంటావు?’ అని అడగండి. ఆ రెండవ ప్రశ్నకు ‘విమానంలో’ అనే సమాధానం వస్తే, కార్యక్రమాన్ని మార్పించమని చెప్పండి. ‘మా ఇంటి డాక్టరుగారు వద్దన్నారు’ అని నా మీద నెపం పెట్టి తప్పించుకొన్నా నాకు అభ్యంతరం లేదు. ఆ మాట మేనేజరుకు చెప్పడం, నీరంటే భయమని పదిమందిలో చెప్పడం కంటె తేలిక.